మావాణ్ణి స్టోర్స్‌లో కూచోబెట్టారండీ, ఏం చెయ్యమంటారు?

ఒడిశాలోని గుణుపూర్ నుంచి ఒక అమ్మ రాశారు. అబ్బాయి మెకానికల్ బీటెక్, ఒక పెద్ద ఫ్యాక్టరీలో గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ, చేరి ఏడు నెలలైంది. మూడు డిపార్ట్‌మెంట్లు తిప్పి ఇప్పుడు స్టోర్స్‌లో వేశారట. "సామాన్ల లెక్క రాయడానికా ఇంజినీరింగ్ చదివించింది? మా అక్క కొడుకు ముంబైలో మేనేజ్‌మెంట్ ట్రైనీ, వాణ్ణీ తిప్పుతున్నారు గాని పెద్ద పెద్ద ఆఫీసులు, ఊరికో ఫొటో. మావాణ్ణి ఎవరూ ఉంచుకోక తోసేస్తున్నారేమో అని భయం. ఎవరిచేతైనా చెప్పించి ఒక్కచోట సీటు వేయించమంటారా, మాన్పించేసి వేరే చూడమంటారా, ఏది నయం?" అని అడిగారు.

అమ్మా, ముందు ఆ భయం సంగతి. మీవాడు ఎవరికీ అక్కర్లేక తిరగట్లేదు. పెద్ద కంపెనీల్లో ఇంజినీర్ ట్రైనీని మొదటి ఏడాది ఇలా తిప్పడం మామూలే. ఐఏఎస్‌కి సెలెక్టయినవాళ్లని కూడా ముస్సోరీ ట్రైనింగ్ అకాడమీ నుంచి ఒక జిల్లాకి పంపి దాదాపు ఏడాదిపాటు తహసీల్ ఆఫీసు, ట్రెజరీ, పోలీసు, బ్లాకు అన్నీ చూపిస్తారు, కొన్నాళ్లు ఏదో ఒక ఆఫీసు బాధ్యత పూర్తిగా వాళ్లకే అప్పజెప్తారు కూడా. కలెక్టర్ అవ్వాల్సినవాణ్ణి ట్రెజరీలో గుమాస్తాని చేశారని ఏ తల్లీ ఏడవదు కదా.

ఇక స్టోర్స్. ఒక పంపులో బేరింగ్ పోయిందనుకోండి, 6205 నంబరు, లోపల 25 మిల్లీమీటర్ల బోరు, చేతిలో ఇమిడిపోయేంత సామాను. కంప్యూటర్లో చూస్తే స్టాక్ సున్నా, అర్జంటుగా ఆర్డర్ పెడతారు, తీరా చూస్తే అదే బేరింగు ఇంకో మెటీరియల్ కోడ్ (ఒక్కో సామానుకి కంప్యూటర్లో ఇచ్చే నంబరు) కింద అదే గోడౌన్‌లో వెనక ర్యాక్‌లో దుమ్ము పట్టి ఉంటుంది, ఎందుకంటే ఎప్పుడో ఎవరో పేరు కొంచెం మార్చి రెండో కోడ్ తెరిచారు. ఇలాంటివి చాలా పెద్ద ప్లాంట్లలో ఉంటాయి. మీవాడు ముఖ్యమైన పంపుల స్పేర్లు ఒక్కటే తీసుకుని, డబుల్ కోడ్లు ఎక్కడున్నాయో ర్యాక్ దగ్గర చేత్తో పట్టుకుని చూసి, లిస్టు తయారుచేసి మెయింటెనెన్స్ వాళ్లతో సరిచూయించి ఇచ్చాడనుకోండి, ఆ పని అక్కడ నిలిచిపోతుంది. అది చెయ్యడానికి బేరింగ్ తెలిసిన ఇంజినీరే కావాలి, లెక్కలు రాసే మనిషి చాలడు.

అందుకే ఎన్ని డిపార్ట్‌మెంట్లు తిప్పారు అనేది నేను పట్టించుకోను. వెళ్లిన ప్రతిచోటా ఒక అసలు పని, చిన్నదైనా సరే, వాడి చేతిలో పెట్టారా లేదా, అడగడానికి ఒక మనిషిని చూపించారా లేదా అన్నదే చూస్తాను. ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకూ చెప్తున్నాను, దయచేసి క్యాలెండర్ చూసి తేదీలు పంచకండి, పని చూసి పంచండి. స్టోర్స్‌లో వేస్తే షట్‌డౌన్‌కి, అంటే రిపేర్ల కోసం ప్లాంటు ఆపేదానికి, ముందు వెయ్యండి, సామాను రాక మెయింటెనెన్స్ వాళ్లు ఎలా తన్నుకుంటారో కనబడుతుంది. ఆపరేషన్స్ అయితే నైట్ షిఫ్టులు చెయ్యాల్సిందే. వరస కూడా సరుకు నడిచే దారిలో ఉంటే మంచిది. మన రాయగడ నుంచి కోరాపుట్ రైల్లో వెళ్తుంటే దామన్‌జోడి వస్తుంది కదా, అక్కడ పంచపట్‌మాలి కొండ మీద తవ్విన బాక్సైట్ (అల్యూమినియం ముడి ఖనిజం) 14.6 కిలోమీటర్ల కన్వేయర్ మీద రిఫైనరీకి దిగుతుంది, కాస్టిక్ సోడాలో ఉడుకుతుంది, ఎర్ర బురద వేరవుతుంది, చివరికి తెల్లటి అల్యూమినా పొడి అయి రైలెక్కుతుంది. అలాంటి చోట గని నుంచి మొదలుపెట్టి ఆ దారినే నడిపిస్తే కుర్రాడికి ఎక్కడ ఆగితే ఎక్కడిదాకా దెబ్బో బుర్రకెక్కుతుంది. కొండ మీద ఓ వారం, అకౌంట్స్‌లో ఓ వారం, మళ్లీ బాయిలర్ అంటే ఏమీ ఎక్కదు.

మీ అక్కగారబ్బాయి సంగతికొస్తే, ఆ పిల్లాడి గురించి నాకేం తెలీదు, బాగానే ఉన్నాడేమో. కానీ ఈ ఫాస్ట్ ట్రాక్, ఫ్యూచర్ లీడర్స్ అని పేర్లు పెట్టి రెండేసి నెలలకో ఊరు మార్చే ప్రోగ్రాముల మీద నాకు నమ్మకం తక్కువ, ఇప్పుడు పిల్లలంతా దానికే ఎగబడుతున్నారు కాబట్టి గట్టిగానే చెప్తున్నా. పెళ్లికొచ్చిన చుట్టంలా అందర్నీ పలకరించి, ఒక ప్రెజెంటేషన్ ఇచ్చి వెళ్లిపోతారు. ఇవాళ వాడు మార్చమన్న పద్ధతి పనిచేసిందో చెడిందో తెలిసేది ఆరు నెలలకి, అప్పటికి వాడు ఇంకో ఊళ్లో ఇంకో సలహా ఇస్తుంటాడు. తన తప్పు తన కళ్లతో చూడనివాడికి పని ఎలా వస్తుందమ్మా? దానికన్నా ఒక్కచోట నాలుగు నెలలు ఉండి మాట పడినవాడు గట్టిగా తయారవుతాడు.

ఇప్పుడు మీకు కోపం వచ్చినా సరే, ఒక మాట. చెప్పించడం అనే ఆలోచన మానేయండి. రికమండేషన్‌తో సీటు వేయించుకున్న ట్రైనీ అంటే ఆ డిపార్ట్‌మెంట్ మొత్తానికి తెలిసిపోతుంది, తర్వాత వాడికి ఎవరూ నిజం చెప్పరు, పనీ నేర్పరు. రోజూ రాత్రి ఫోన్ చేసి ఇంకా సీటు ఇవ్వలేదా అని అడుగుతున్నారేమో, అదీ ఆపాలి. వాడు పగలంతా ఏం చూశాడో అడగండి, ఏ మిషన్ విప్పారో అడగండి. పక్కింటివాళ్లకి ఏం చెప్పుకోవాలి అనే బెంగ మీది, దాన్ని వాడి నెత్తిన పెడితే ఎలా?

వాడికి ఒక లాభం ఉంది, మీరు గుర్తించట్లేదు. గుణుపూర్ పిల్లాడు, ఫిట్టర్‌తో ఒడియాలో, కాంట్రాక్టు సూపర్‌వైజర్‌తో తెలుగులో, ఆఫీసర్‌తో హిందీలో మాట్లాడతాడు. బయటినుంచి వచ్చిన ట్రైనీకి నెల పట్టే స్నేహం వీడికి ఒక టీతో అయిపోతుంది.

మరి ఈ తిప్పడం, అదే రొటేషన్, నిజంగా దండగైతే? ఉంటాయి అలాంటివి, లేవనను. సంతకం పెట్టించుకుని కూచోబెట్టడం, జిరాక్సులు తీయించడం, ఎవరు సెలవు పెడితే ఆ కుర్చీలో వెయ్యడం. అప్పుడు వాడే, మీరు కాదు, ట్రైనింగ్ ఆఫీసర్‌ దగ్గరికెళ్లి "సార్, ఇక్కడినుంచి వెళ్లేలోపు నేను పూర్తిచేసి అప్పజెప్పాల్సిన పని ఏదైనా ఒకటి ఇవ్వండి" అని అడగాలి, మెయిల్ కూడా పెట్టాలి. రెండుచోట్ల అడిగినా ఇవ్వకపోతే అప్పుడు మాన్పించే మాట మాట్లాడదాం, ఇప్పుడు కాదు.

ఇవాళే చూడాల్సింది ఆఫర్ లెటర్. అందులో ట్రైనీ అని, ట్రైనింగ్ అయ్యాక ప్రొబేషన్ అని ఉంటే నిశ్చింతగా ఉండండి. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ అని ఉంటే మాత్రం సంగతి వేరు, కాంట్రాక్టులో రాసి ఉంటే తప్ప ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాలని కంపెనీకి లేదు, వాడు ఇప్పట్నుంచే బయట కూడా అప్లై చేసుకుంటూ ఉండాలి. లెటర్ తీసి ఏముందో నాకు రాయండి, దాన్నిబట్టి చెప్తాను.