తెలుగు మీడియం నుంచి వచ్చాను, ఎంజైముల పేర్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఇంటర్ దాకా తెలుగు మీడియమనీ, ఇప్పుడు డీఎంఎల్‌టీలో (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాలో) ఎంజైములు, ప్రోటీన్ల పేర్లన్నీ కలగాపులగం అయిపోతున్నాయనీ రాశారు. నేనూ ఆ దారినే వచ్చాను. మాది సోంపేట దగ్గర పల్లె, పన్నెండేళ్లుగా శ్రీకాకుళంలో ఒక ల్యాబ్‌లో పని. పేరు మొత్తం బట్టీ పట్టకండి, ముందు దాని తోక, అంటే చివరి అక్షరాలు పట్టుకోండి. ఈ సంగతి నాకు క్లాసులో కంటే మా ఊళ్లోనే బాగా అర్థమైంది.

మా ఉద్దానంలో, అంటే సోంపేట చుట్టుపక్కల, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లుండదు. అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా తమ నంబరు చెబుతారు. కిడ్నీ జబ్బు నేర్పిన చదువది. మా ఊళ్లో నాకు మావయ్య వరసయ్యే ఒకాయన కొబ్బరి చెట్లకు పాదులు తవ్వి, ఒళ్లు నొప్పులని వెళ్తే డాక్టరు రక్తపరీక్షలు రాశారు. రిపోర్టులో క్రియాటిన్ కైనేజ్ 640 అని ఉంది. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను. "ఏటి బాబూ, ఆరొందల నలభయ్యట! ఏడెనిమిదికే డయాలసిస్ అంటన్నారు గదా, మరి నానేటయిపోవాల?" ఇంట్లో ఆడవాళ్ల ఏడుపు ఫోన్లోనే వినబడుతోంది.

రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమన్నాను. 640 పక్కన ‘యూనిట్లు పర్ లీటర్’ అని ఉంది. క్రియాటినిన్ అయితే అక్కడ మిల్లీగ్రాములుండాలి. బరువు కొలవలేదు, పని కొలిచారు. అంటే అది ఎంజైము, ఒంట్లో రసాయన చర్యలను నడిపించే ప్రోటీన్. ఒక యూనిట్ అంటే నిమిషంలో ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చగల పని. క్రియాటిన్ కండరాల్లో శక్తి నిల్వకు ఉండే పదార్థం. దాని నుంచి తయారై కిడ్నీ బయటికి పంపే వ్యర్థం క్రియాటినిన్. ఆ క్రియాటిన్‌కు ఫాస్ఫేటు తగిలించే ఎంజైము క్రియాటిన్ కైనేజ్. కండరం బాగా అలిసినా, దెబ్బతిన్నా అది రక్తంలోకి కారుతుంది. నాలుగు రోజులు గునపం పట్టిన మనిషికి అది పెరగడం వింత కాదు. అదే రిపోర్టులో ఆయన క్రియాటినిన్ 0.9 ఉంది, దాన్నెవరూ చూడలేదు! డాక్టరుకు చూపించాల్సిందే గానీ రాత్రికి అన్నం తిని పడుకోమన్నాను.

ఆయన్ని చూసి నవ్వే అర్హత నాకు లేదు లెండి. చదువుకునే రోజుల్లో వైవాలో పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము ఏదంటే ‘లాక్టోజ్’ అన్నాను. లాక్టోజ్ ఆ చక్కెరే. దాన్ని విడగొట్టేది లాక్టేజ్. తెలుగులో రాస్తే ‘టో’కీ ‘టే’కీ మధ్య ఒక్క గుణింతమే తేడా. మాల్టోజ్, మాల్టేజ్ కూడా అంతే. ‘ఓజ్’ వస్తే చక్కెర, ‘ఏజ్’ వస్తే ఎంజైము. ఈ ఏజ్ అనే తోక 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో మాల్ట్ నుంచి వేరుచేసిన డయాస్టేజ్ పేరు నుంచి మిగతావాటికి అంటుకుంది. ఆ అలవాటు స్థిరపడక ముందు పేర్లు పెట్టించుకున్నవి మాత్రం దారికి రావు. పెప్సిన్, ట్రిప్సిన్ ఎంజైములే అయినా చివర ‘ఇన్’. మటన్ ఉడకకపోతే వేసే పచ్చి బొప్పాయిలోని పపైన్ కూడా ఆ బాపతే. ఆల్బుమిన్, ఇన్సులిన్ ప్రోటీన్లే గానీ ఎంజైములు కావు. కాబట్టి ఏజ్ ఉంటే ఎంజైమని నమ్మొచ్చు, ఇన్ ఉంటే ఇంకోసారి చూడాలి.

ఇక్కడ మన లిపితో ఒక చిక్కుంది. ఇంగ్లిష్‌లో in, ine అని వేరువేరుగా రాసే రెండు తోకలు తెలుగులో ఒకే ‘ఇన్’ అయి కూర్చుంటాయి. తోక ఒకటే అయినా మొదలు దగ్గరగా వినిపించేవీ ఉన్నాయి: థయమిన్ (thiamine) విటమిన్ బీ1, థైమిన్ (thymine) డీఎన్ఏలోది. ఇలాంటి జంటలకు నోట్సులో ఇంగ్లిష్ స్పెల్లింగు కూడా రాసుకోండి, మొహమాటం వద్దు.

అలాగని తెలుగు మాటలను పారేయకండి. ‘అధస్థ పదార్థం’ అని ఇంటర్‌లో చదివిందే ఇప్పటి సబ్‌స్ట్రేట్. ఆ తెలుగు మాట నాకూ గొంతు దిగలేదు, ‘ఎంజైము పనిచేసే సరుకు’ అని రాసుకునేవాణ్ని. ప్రోటీనుకు మాంసకృత్తు అన్నది మాత్రం మంచి మాట. మాంసాన్ని చేసేది అని దాని అర్థం. కందిపప్పులో మాంసమేటని మా నాయనమ్మ నన్ను కసిరింది, అది వేరే కథ.

డీనేచురేషన్‌కు, అంటే ప్రోటీన్ తన ఆకారం కోల్పోవడానికి, నేను జున్ను గుర్తుపెట్టుకున్నాను. ఈనిన ఆవు తొలిపాలలో ప్రోటీన్లు ఎక్కువ. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద పెడితే వేడికి వాటి మడతలు విప్పుకుని, ఒకదానికొకటి అల్లుకుని గడ్డకడతాయి. అమైనో ఆమ్లాల గొలుసు మాత్రం తెగదు. గొలుసు తెగడమంటే అరగడం, ఆ పని తిన్నాక పెప్సిన్ మొదలుపెడుతుంది. పరీక్షలో ఈ రెండూ కలిపేసి రాసేవాళ్లే ఎక్కువ.

కైనేజ్ ఫాస్ఫేటు తగిలిస్తుంది, ఫాస్ఫటేజ్ ఊడదీస్తుంది. లివర్ పరీక్షల్లో కనబడే ఎస్‌జీపీటీ, ఏఎల్‌టీ రెండు పరీక్షలు కావు, ఒకే ఎంజైముకు రెండు పేర్లు. ఆ ఎంజైము నడిపే చర్య అటూ ఇటూ నడుస్తుంది. పాత పేరులో గ్లుటామిక్, పైరువిక్ అని ఒక వైపు పదార్థాలుంటే, కొత్త పేరులో అలనిన్ అని రెండో వైపుది ఉంది. డబ్బు కట్టేచోట ‘రెండూ చేయించాలా’ అని అడిగేవాళ్లు రోజుకొకరైనా వస్తారు.

సింథేజ్, సింథటేజ్ తేడా కోసం రాత్రులు పాడుచేసుకోకండి, పుస్తకాలే ఒక మాట మీద లేవు. సీనియర్ల నోట్సులో ఎంజైములకు ఆరే తరగతులుంటే మాత్రం అది 2018కి ముందు లెక్క. ట్రాన్స్‌లొకేజ్‌లని ఏడోది కలిపారు, మార్జిన్‌లో రాసుకోండి.