మేడిపండుకు పురుగు ‘పట్టదు’

సందేహం: పైకి మంచిగా కనిపించి లోపల చెడ్డగా ఉండేవాణ్ని ‘పురుగు పట్టిన మేడిపండు’ అని పిల్లలు వ్యాసాల్లో రాస్తున్నారు. మా ఊరి వాగు ఒడ్డున మేడిచెట్టుంది. దాని పండ్లు కోతులు తింటాయి, పిట్టలు తింటాయి, మేకల కాడికి పోయినోళ్లూ తింటారు. అందులో ప్రతి పండుకూ పురుగు పడుతుందా? ఆ ప్రయోగం సరైందేనా? ఇంకొకటి: మా పెద్దలు నాగలి పిడిని కూడా ‘మేడి’ అంటారు. ఈ రెండు మేడిలకూ సంబంధం ఉందా? అత్తి, మేడి వేర్వేరు చెట్లా?
– ఒక ఉపాధ్యాయుడు, మర్రిగూడ, నల్లగొండ జిల్లా

సమాధానం: ‘పురుగు పట్టిన మేడిపండు’ అనకూడదు. ‘మేడిపండు’ అంటే చాలు. ఎందుకో తెలియాలంటే ముందు వేమన వాడిన క్రియను చూడాలి.

‘మేడిపండు చూడ మేలిమై యుండును, పొట్ట విప్పి చూడ పురుగులుండు’ అన్నాడు వేమన. ‘పురుగులు పట్టు’ అనలేదు, ‘ఉండు’ అన్నాడు. తెలుగులో ఈ రెండు క్రియలకూ చాలా దూరం. పట్టడమంటే బయటి నుంచి వచ్చి చెరచడం. బియ్యానికి పురుగు పడుతుంది, తలుపుకు చెద పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది. అంతకుముందు ఆ వస్తువు బాగుంది, పట్టాక పాడైంది అని అర్థం. ‘ఉండు’లో ఆ ఫిర్యాదు లేదు. గూట్లో పిట్ట ఉంటుంది, మేడిపండులో పురుగు ఉంటుంది. ప్రకృతిలో జరిగేదీ సరిగ్గా ఇదే.

మనం మేడికాయ అనే పచ్చటి గుండు నిజానికి కాయ కాదు, మూతి బిగించిన పూలగుత్తి. మల్లెకు, మందారానికి పూలు బయటికి విచ్చుకుంటే మేడికి వందల కొద్దీ చిన్న పూలు లోపలి గోడకు అంటుకుని, లోపలికే తిరిగి పూస్తాయి. తొడిమకు ఎదురు కొసన సూది మొనంత మూతి ఉంటుంది, దాన్నీ చిన్న పొలుసులు కప్పేస్తాయి. తేనెటీగకు అందులో దారి లేదు. దారి ఉన్నది సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవుండే ఒక రకం కందిరీగకే. ఆడ కందిరీగ ఆ పొలుసుల మధ్య నుంచి దూరేటప్పుడు రెక్కలు తెగిపోతాయి, మీసాలూ విరుగుతాయి. అది మళ్లీ బయటికి రాదు. తాను పుట్టిన పండు నుంచి తెచ్చిన పుప్పొడిని లోపలి ఆడపూలకు అంటిస్తుంది, కొన్ని పూల అండాశయాల్లో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. గుడ్డు పడిన పువ్వులో కందిరీగ పిల్ల పెరుగుతుంది, గుడ్డు పడని పువ్వు గింజ కడుతుంది. చెట్టు కొన్ని పూలను పురుగుకిచ్చి మిగతావాటికి గింజలు తీసుకుంటుంది.

కొన్ని వారాల తరవాత ముందుగా మగ కందిరీగలు తమ గుల్లల్లోంచి బయటపడతాయి. వాటికి రెక్కలుండవు, చూపు కూడా దాదాపు లేదు. ఇంకా పువ్వు గుల్లలోనే ఉన్న ఆడవాటితో జతకట్టి, పండు గోడకు బెజ్జం తొలిచి, ప్రాణం విడుస్తాయి. అప్పటికి మగపూలు పక్వానికి వస్తాయి. ఆడ కందిరీగలు పుప్పొడి తీసుకుని ఆ బెజ్జంలోంచి ఎగిరిపోయి, రెండు రోజులైనా గడవకముందే మరో పచ్చి మేడి మూతి వెతుక్కుంటాయి. ఆ తరవాతే పండు ఎర్రబడి మెత్తబడుతుంది. మర్రికి, రావికి, జువ్వికి కూడా ఇదే పద్ధతి. చెట్టు మారితే లోపలి కందిరీగ జాతీ మారుతుంది. లోకంలో ఈ కుటుంబపు చెట్లు 750 రకాలకు పైనే ఉన్నాయి.

మన నిఘంటుకారులు ఈ సంగతిని ఎంత దగ్గరగా చూశారో చెప్పకుండా ఉండలేను. అమరకోశం మేడికి ఇచ్చిన పేర్లు: ‘ఉదుంబరో జంతుఫలో యజ్ఞాంగో హేమదుగ్ధకః’. జంతుఫలం! జంతువులు గల పండు. ఆ పేరులో తెగులు లేదు, నింద లేదు. అదే వర్గంలో (అధ్యాయంలో) ఇంకో మాట ఉంది: పూచి కాసేది ‘వానస్పత్యం’, పూలు కనిపించకుండా కాసేది ‘వనస్పతి’. ఇవాళ వనస్పతి అంటే డాల్డా డబ్బానో, మొత్తం చెట్టూచేమో గుర్తొస్తుంది గానీ, ఆ నిర్వచనం మేడికీ మర్రికీ కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఇక తమిళులు ఎప్పుడో గాని జరగని పనిని ‘అత్తి పూసినట్టు’ అంటారు. మనం కనిపించని మనిషిని ‘నల్లపూస అయ్యాడు’ అంటాం కదా, దాని పక్కన పెట్టదగిన నుడికారం.

మీ పిల్లలకు చూపించదలచుకుంటే ఎర్రగా పండి రాలినదాన్ని ఏరకండి. మానుకు గుత్తిగా ఉన్నవాటిలోంచి, పచ్చదనం తగ్గి రంగు తిరుగుతున్నవి, బెజ్జం పడనివి ఐదారు కోయండి. ముందు వేళ్లకు కాస్త కొబ్బరినూనె రాసుకోవాలి, లేకుంటే పాలు జిగురై వదలవు. బ్లేడుతో తొడిమ నుంచి మూతి వరకు నిలువునా చీల్చాలి. అడ్డంగా కోస్తే మూతి దారి కనిపించదు. తెల్లకాగితం మీద దులిపి భూతద్దం పెడితే మూడు కనిపిస్తాయి: రెక్కలున్న నల్లటి సన్న పురుగులు, అవి ఆడవి, రెక్కల్లేని పాలిపోయినవి, అవి మగవి, బోలు గుల్లల మధ్య ఇసుక రేణువుల్లాంటి గట్టి గింజలు. మరీ పచ్చిది కోస్తే లేతపూలు తప్ప ఏమీ ఉండదు. అప్పటికే బెజ్జం పడి ఉంటే ఆడవి ఎగిరిపోయి ఉంటాయి, చచ్చిన మగవే మిగులుతాయి. అన్నీ ఒకే రోజు కోయకుండా నాలుగైదు రోజులకోసారి ఒక్కోటి చీల్చి చూడటం మేలు.

రాలి నేల మీద పడ్డ పండు సంగతి వేరు. అందులో తెల్లటి ఈగ పిల్లలు లుకలుకలాడతాయి, చీమలూ చేరతాయి. అవి బయటి నుంచి వచ్చినవే కాబట్టి ఆ పండుకు ‘పురుగు పట్టింది’ అంటే తప్పు లేదు. ‘పట్టు’ అతికే ఇంకో ఉదాహరణ పాలమూరులోనే ఉంది. పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుకు చెద పట్టి కొమ్మలు కూలితే, 2018లో క్లోరోపైరిఫాస్ మందును నీళ్లలో కలిపి సెలైన్ సీసాల్లో పోసి, చెట్టుకు చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. అదే మర్రి పండ్లలో ఉండే కందిరీగల్ని మాత్రం పట్టినవి అనలేం. అవి లేకపోతే ఆ మర్రికి మొలకెత్తే గింజే ఉండదు.

‘పురుగు’ అన్న మాటే చిన్నచూపు కదా అని అడగవచ్చు. కాదు. పట్టుపురుగు, మిణుగురు పురుగు, తొలకరికి ఎర్రని మఖమల్ ముద్దలా నేల మీద పాకే ఆరుద్ర పురుగు, వీటిలో నింద ఎక్కడుంది? నింద ‘పట్టు’లో ఉంది.

అయితే కపటిని మేడిపండుతో పోల్చడం తప్పా? తప్పనను. వాడుకలో స్థిరపడింది, అందరికీ తెలుస్తుంది. కాని వేమన మూడో పాదం ‘పిరికివాని మదిని బింకమీలాగురా’. ఆయన మనసులో ఉన్నది మోసగాడు కాదు, పైకి బింకం చూపే పిరికివాడు. ఆ పోలికను లోకం కపటికి కూడా చాపుకుంది. పద్యం చెప్పేటప్పుడు మూడో పాదాన్ని వదిలేసి అర్థం రాయించడం మాత్రం మానుకోవాలి. అర్థమంతా అక్కడే ఉంది.

అత్తి, మేడి ఒకే చెట్టు. దుకాణంలో దండగుచ్చి అమ్మే అంజీరు వేరే జాతి, మేడికి దాయాది. పాతవాళ్లు దాన్ని సీమమేడి అన్నారు, సీమచింత అన్నట్టు. అంజీరులో చాలా రకాలు కందిరీగ రాకుండానే పండుతాయి, కాబట్టి మేడిపండు పోలిక అంజీరుకు పనికిరాదు.

నాగలి మేడి వేరే మాట. ఎడమ చేతనో కుడి చేతనో రైతు అదిమి పట్టే పిడి అది. ‘మేడి పట్టినోడు’ అంటే సేద్యం చేసేవాడు. మేడికర్రతో చేయడం వల్ల ఆ పేరొచ్చిందనే వివరణ నిలవదు. మేడికర్ర మెత్తన, తేలిక. నీళ్లలో నానినా చివకదని బావుల అడుగున చట్రాలకు వాడారు గాని, దుక్కిలో రాయి తగిలితే తట్టుకోవలసిన నాగలికి మనవైపు నల్లతుమ్మ వంటి గట్టి కర్రనే చూస్తారు. పలుకు ఒకటే, పదాలు రెండు. నిఘంటువులో విడివిడిగానే వెతకండి.