స్కూబా కొత్తగా నేర్చుకున్నాను, తక్కువ ధరలో బీసీడీ (గాలి నింపి, వదిలి నీళ్లలో తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్) ఎలా ఎంచుకోవాలి?

ఏడాదికోసారి అండమాన్ వెళ్లి నాలుగు డైవ్‌లు చేసేవాళ్లయితే అసలు కొనకండి. చాలా డైవ్ సెంటర్లు ఫీజులోనే బీసీడీ ఇచ్చేస్తాయి. ఆ డబ్బుతో ముఖానికి సరిగ్గా అతికే మాస్క్ కొనుక్కోవడం మేలు.

కొనాల్సిందే అంటే మామూలు జాకెట్ రకం చాలు. గాలి నింపితే నీటిపైన నిటారుగా తేలుస్తుంది. వీపు వెనకే గాలి నిండే రకం పైకొచ్చాక కొత్తవాళ్లను కాస్త ముందుకు తోస్తుంది. బరువుల జేబులున్నవి ఖరీదెక్కువ, నడుముకు బరువుల బెల్టు సరిపోతుంది.

సైజు దగ్గర మాత్రం రాజీపడొద్దు. వెట్‌సూట్ మీద వేసుకుని పూర్తిగా గాలి నింపండి. ఊపిరాడకపోతే చిన్నది, జాకెట్ చెవుల దాకా జారితే పెద్దది.

సెకండ్ హ్యాండ్‌దైతే గట్టిగా గాలి నింపి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి మెత్తబడితే లీకే! గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి. ఉప్పు పట్టి ఇరుక్కుంటే నీళ్లలో గాలి దానంతటదే నిండి మనిషిని పైకి లాగేస్తుంది, అది చాలా ప్రమాదం. గొట్టం మెలితిప్పి పగుళ్లు కూడా చూడండి. ఎంత చవకగా దొరికినా సర్వీసింగ్ ఖర్చు కలుపుకునే బేరమాడండి.