ఎన్నో భాగాలుగా పాఠకులు ఎదురుచూస్తున్న పెళ్లిని ఎలా రాయాలి?

మీ సీరీస్ అయిదో భాగానికి వచ్చింది, నాయికా నాయకుల పెళ్లి రాద్దామని కూర్చుంటే అది వచ్చినవాళ్ల హాజరు పట్టీలా తయారవుతోంది అన్నారు. పాఠకులు ఎప్పటినుంచో అడుగుతున్నారు కాబట్టి వాళ్లను నిరాశపరుస్తానేమోనన్న బెంగ, రెండో భాగంలో చనిపోయిన నాయకుడి అన్నను ఎక్కడ తలుచుకోవాలన్న సందేహం కూడా రాశారు. ఇలాంటి పెళ్లి ఒకటి నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను.

నా ఆన్‌లైన్ సీరీస్‌లో మైథిలి, రఘు పోటీ పత్రికల విలేకరులు. రఘు ఏ మాటనూ ఇద్దరి దగ్గర రూఢి చేసుకోకుండా నమ్మడు. మైథిలికి ఆ అనుమానం అంటేనే ఒళ్లు మంట. ఆమె చెప్పిన నిజాన్ని కూడా అతను ఇంకొకరిని అడిగి కనుక్కున్నాడని తెలిసి మూడో భాగంలో మాటలు మానేస్తుంది. అప్పటినుంచీ కామెంట్లలో ఒకటే గోల, వీళ్ల పెళ్లి ఎప్పుడని.

రాయబోయే ముందు నేను చేసిన పని, మొదటి భాగం నుంచీ మొత్తం మళ్లీ చదవడం. నాకు తెలియకుండానే పాఠకులకు ఏమేం బాకీ పడ్డానో రాసి పెట్టుకున్నాను. ఎప్పుడో సరదాకి వేసిన పందెం, మధ్యలో ఆగిపోయిన మాట, ఒక ఎరుపు పెన్ను, ఇలా చాలా తేలాయి. అన్నీ పెళ్లిలోనే తీర్చేద్దామనిపిస్తుంది. ఆ పని చేయకండి. వరసగా అన్నీ తీరుతూ పోతే రచయిత లెక్కలు సరిచూసుకుంటున్నాడని పాఠకుడికి తెలిసిపోతుంది. నేను రెండే తీసుకున్నాను, మిగతావి తర్వాతి అధ్యాయాల్లో అక్కడక్కడా కలిపాను.

ఆ రెండూ ఎలా ఎంచుకోవాలంటే, ఇన్నాళ్లూ ఈ ఇద్దరినీ కలవనివ్వనిది ఏమిటి అని అడగండి. పాఠకులు చూడాలనుకుంటున్నది అది వీగిపోవడాన్ని. దానికి పెళ్లి ఒక సందర్భం, అంతే. మావాళ్ల విషయంలో అడ్డం రఘు అనుమానం. అందుకే రిజిస్టరు ముందుకు జరిపినప్పుడు, ఏ కాగితాన్నీ రెండుసార్లు చదవనిదే ముట్టని మనిషి గబుక్కున సంతకం పెట్టేస్తాడు. మైథిలి "చదవలేదేం?" అంటుంది. "నువ్వు చదివావుగా" అంటాడు. ఆ సీను గురించి వచ్చిన స్పందనల్లో ఎక్కువ భాగం ఈ రెండు ముక్కల మీదే. ముద్దు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, పాపం దానికి నేను చాలా కష్టపడ్డాను.

ఇక్కడ ఇంకో సంగతి. అయిదు భాగాలు ఎకసెక్కాలాడుకున్న జంట పెళ్లిపీటల దగ్గరికి రాగానే కవిత్వం మొదలుపెడితే పాఠకులకు వాళ్లు పరాయివాళ్లుగా కనిపిస్తారు. వాళ్ల భాష వాళ్లదే ఉండనివ్వండి. ప్రమాణాలు చెప్పించాలనుకుంటే పూర్తిగా చెప్పించక్కర్లేదు. ఒకరు తడబడి, రెండోవాళ్లు అందిస్తే చాలు.

కథ ఎవరి కళ్లతో నడపాలన్నది అన్నిటికంటే పెద్ద నిర్ణయం. వధూవరుల మనసులోంచి రాస్తే ఉద్వేగం ఒక్కసారిగా పొంగి పేజీలన్నీ ఒకే రుచిగా తయారయ్యే ప్రమాదం ఉంది. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల రచయిత్రి డొరొతీ సేయర్స్ ఏం చేసిందో చూడండి. ఆమె నవలల్లోని డిటెక్టివ్ పీటర్ విమ్సీ, రచయిత్రి హారియెట్ వేన్‌ల ప్రేమకథ 1930లో 'స్ట్రాంగ్ పాయిజన్'తో మొదలైంది. హత్యానేరం మోపబడి జైల్లో ఉన్న హారియెట్‌ను అతను మొదటిసారి కలిసినప్పుడే పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాడు. ఆమె ఒప్పుకునేది 1935లో వచ్చిన 'గాడీ నైట్' చివర. పెళ్లి 1937 నాటి 'బస్‌మన్స్ హనీమూన్'లో. అంతకాలం ఊరించిన పెళ్లిని సేయర్స్ చుట్టుపక్కలవాళ్ల ఉత్తరాల్లో, పెళ్లికొడుకు తల్లి డైరీలో చెప్పించింది. మురిసిపోయే తల్లి, సణిగే వదినగారు, తన యజమాని గురించి అమ్మకు రాసే సేవకుడు, ఒక్కొక్కరికీ ఒక్కో పెళ్లి కనిపిస్తుంది. మెచ్చుకోలు, వెటకారం పక్కపక్కనే ఉండటంతో తీపి మొహం మొత్తదు. కొత్త దంపతులు వెళ్లిన ఇంట్లో శవం దొరకడం ఆ తర్వాతి సంగతి, పెళ్లిని మాత్రం ఆమె ప్రశాంతంగా జరగనిచ్చింది.

నేను మైథిలి, రఘుల పెళ్లిని రఘు ఎడిటర్ వైపునుంచి రాశాను. ఇద్దరి గొడవలూ మొదటినుంచీ చూసి విసిగిపోయిన మనిషి కాబట్టి చిన్న చిన్నవి కూడా పట్టుకుంటాడు, ఏడుపు వస్తున్నా ఒప్పుకోడు. మీ కథలో అలాంటి చూపు ఎవరికి ఉందో వెతకండి. అతి దగ్గరి స్నేహితురాలికంటే కొంచెం దూరంగా ఉన్నవాళ్లు బాగా పనికొస్తారు.

హాజరు పట్టీ బెడద కూడా దీంతోనే చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే ఆ మనిషి పట్టించుకునేవాళ్లే పేజీ మీదికి వస్తారు. మిగతా పాత్రలు వచ్చినట్టు ఒక వాక్యంలో తెలిస్తే సరిపోతుంది. పాత పాత్ర కనిపిస్తే చేతిలో ఏదో ఒక పని ఉండాలి, ఊరికే నవ్వుతూ నిలబడకూడదు.

చివరి నిమిషంలో విలన్‌ను దింపడం, ఉంగరం పోవడం, పెళ్లికూతురు పారిపోవడం లాంటివి నాకు నచ్చవు. ఇన్ని భాగాలు అడ్డంకులు చూసినవాళ్లకు ఇంకో అడ్డంకి మోసంలా అనిపిస్తుంది. ఉత్కంఠ కావాలంటే చిన్నది చాలు, రఘు సంతకం లాంటిది. అలాగే పెళ్లిని రెండు పోస్టులుగా విడగొట్టకండి. ఒకే విడతలో ఇచ్చేయండి.

ఇక చనిపోయిన అన్న సంగతి. ఖాళీ కుర్చీ, ఫోటో, ఆకాశం వైపు చూపు, వీటిని పాఠకుడు ముందే ఊహిస్తాడు. నాయకుడి చేత కూడా తలపించకండి. అన్నతో సరిగా పడని వ్యక్తి ఎవరైనా మీ కథలో ఉంటే ఆ పేరు వాళ్ల నోట రానివ్వండి, అదీ మామూలు మాటల మధ్య, ఫిర్యాదు చేస్తున్నట్టు: "వాడుంటే ఈపాటికి ఆలస్యంగా వచ్చేవాడు." నాయకుడు నవ్వుతాడో, బయటికి వెళ్తాడో మీకే తెలియాలి. నేనైతే నవ్వించి, వెంటనే తర్వాతి పనిలోకి లాగేస్తాను.