51 శాతం నాదే, కొరియా డైరెక్టర్‌ని తీసేయొచ్చా?

ప్రశ్న: పెనుకొండ దగ్గర కార్ల పార్ట్స్ చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మాది. నాకు 51, కొరియా కంపెనీకి 49, బోర్డులో చెరి ఇద్దరం. వాళ్లు పంపిన ఫైనాన్స్ డైరెక్టర్ సంతకం లేనిదే చెక్కు కదలదు, ఏదడిగినా సియోల్‌ని అడగాలంటాడు, పైగా స్టాఫ్ మీద అరుపులు. మెజారిటీ నాదే కదా, ఓటేసి పంపించేయొచ్చా?

జవాబు: కాగితం మీదైతే పంపించొచ్చండి. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 169 కింద స్పెషల్ నోటీసిచ్చి, ఆయన వాదన చెప్పుకోనిచ్చి, షేర్‌హోల్డర్ల మీటింగ్‌లో మామూలు మెజారిటీతో డైరెక్టర్‌ని తీసేయొచ్చు. కానీ బోర్డు 2-2 కాబట్టి ఆ మీటింగ్ పిలవనివ్వరు, సరే సెక్షన్ 100 కింద మీరే పిలిచారనుకోండి, షేర్‌హోల్డర్లు మీరిద్దరే అయితే వాళ్లు రాకపోతే కోరం, అంటే మీటింగ్‌కి కావాల్సిన కనీస హాజరు, ఉండదు, ఆర్టికల్స్‌లో (కంపెనీ నడిపే నియమావళిలో) వేరేగా రాసుకోకపోతే అలా పిలిచిన మీటింగ్ వాయిదా కూడా పడదు, ఏకంగా రద్దే. ఒకవేళ తీసేసినా, మీరూ వాళ్లూ రాసుకున్న ఒప్పందంలో డైరెక్టర్‌ని నామినేట్ చేసే హక్కు వాళ్లకుంటే ఇంకొకాయన్ని పంపుతారు, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) నోటీసు వస్తుంది, మమ్మల్ని అణిచేస్తున్నారని సెక్షన్ 241 కింద కంపెనీల ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి కూడా ఎక్కొచ్చు, దానికి 10 శాతం వాటా చాలు.

మెక్‌డొనాల్డ్స్, ఇండియాలో దాని భాగస్వామి విక్రమ్ బక్షి గొడవ చూడండి. సగం సగం వాటా, 2013లో ఆయన్ని ఎండీగా తప్పించారు, 2017లో ఎన్‌సీఎల్‌టీ మళ్లీ కూర్చోబెట్టింది, చివరికి 2019లో రాజీ. ఆరేళ్లు! మీ ఫ్యాక్టరీ అన్నాళ్లు తట్టుకుంటుందా?

ముందు ఆర్టికల్స్ తీసి చదవండి. వాళ్ల వీటో ఒప్పందంలోనే ఉండి ఆర్టికల్స్‌లో లేకపోతే కంపెనీని అది కట్టెయ్యదని వాదించొచ్చు, 1991లో రంగరాజ్ కేసులో షేర్ల బదిలీ గురించి సుప్రీంకోర్టు ఇలాంటి మాటే చెప్పింది. కానీ సంబరపడొద్దు, ఒప్పందం మీద సంతకం మీది కూడా. ఆర్టికల్స్ మార్చాలన్నా 75 శాతం ఓట్లు కావాలి, 49 ఉన్నోళ్లు ఆపేస్తారు.

నా మాటైతే, మనిషిని వదిలేసి సంతకం సంగతి పట్టుకోండి. చాలాసార్లు ఆయన చేతిలో నిజంగానే ఏమీ ఉండదు, హెడ్డాఫీసుని అడక్కుండా సంతకం పెడితే ఆయన ఉద్యోగానికే ఎసరు. అందుకే బోర్డు తీర్మానంతో లిమిట్లు పెట్టించండి: ఇంత లోపు ప్లాంట్ హెడ్ సంతకం చాలు, ఆపైన ఇద్దరివీ, సియోల్ నుంచి ఏడు పనిదినాల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని. దీనికీ వాళ్ల ఓటు కావాలి కాబట్టి మీటింగ్‌లో హఠాత్తుగా పెట్టకుండా, ముందే కాగితం కొరియన్‌లోకి మార్పించి హెడ్డాఫీసులో నిర్ణయం తీసుకునే పెద్దాయనకే పంపండి. రాత్రి డిన్నర్‌లో సరేనన్నాడని మనోళ్లు పని మొదలెట్టేస్తారు చూడండి, అది వద్దు, మర్నాడు పొద్దున్నే ఆ మాటే రాసి మెయిల్ కొట్టండి.

అరుపుల సంగతి వేరు, స్టాఫ్ చేత తేదీలతో రాతపూర్వకంగా కంప్లైంట్ తీసుకుని బోర్డు ముందు పెట్టండి. ఆర్టికల్స్, ఒప్పందం రెండూ మీ లాయర్‌కి చూపించేదాకా సెక్షన్ 169 నోటీసు మాత్రం పంపకండి.