అమెరికా పల్లె కౌంటీల్లో సరుకులు దొరకడం నిజంగా అంత కష్టమా?

"మా ఆయనకి అమెరికాలో ఒక పల్లె కౌంటీ ఆసుపత్రిలో డాక్టరుగా ఉద్యోగం వచ్చింది, అది ఫుడ్ డెసర్ట్, అంటే దగ్గర్లో తాజా సరుకుల కొట్టు లేని చోటు, అని నెట్‌లో చదివాను, నిజంగా తిండి దొరకదా, లేక ఎక్కువ చేసి రాస్తున్నారా" అని అడిగారు కదా. ఎక్కువ చేసి రాయడం లేదు. కాకపోతే ఆ కష్టం మీకు కాదు, మీ పక్కింటివాళ్ళకి.

మా ఆయనా డాక్టరే. శిక్షణ కోసం ఇచ్చే జె-1 వీసా మీద వచ్చినవాళ్ళు డాక్టర్లు కరువైన చోట మూడేళ్ళు పనిచేస్తే ఇండియా వెళ్ళి రెండేళ్ళు ఉండి రావాలనే షరతు తీసేస్తారు, ఆ లెక్కన మేము వెస్ట్ వర్జీనియాలో మెక్‌డవల్ కౌంటీలో పడ్డాం. బొగ్గు కొండలు. 1950లో దాదాపు లక్షమంది ఉన్న చోటు, గనుల్లో పనులు పోయి 2020 జనాభా లెక్కలకి 19 వేలకి దిగింది. 535 చదరపు మైళ్ళు, మన వైపు అయిదారు మండలాలంత ఉంటుంది. అంత జాగాలో సరుకుల కొట్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కింబల్ అనే ఊళ్ళో 2005లో పెద్ద వాల్‌మార్ట్ పెట్టారు. 2016 జనవరిలో ఆ కంపెనీ ప్రపంచం మొత్తం మీద 269 కొట్లు ఒకేసారి మూసేసింది, ఆ లిస్టులో ఇదీ పోయింది. వాల్‌మార్ట్ వచ్చాక చిన్న కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయని, తీరా అదీ వెళ్ళిపోయాక ఇటు చిన్నదీ లేదు అటు పెద్దదీ లేదని మేము వెళ్ళిన కొత్తలో ఎవర్ని కదిపినా చెప్పేవాళ్ళు. ఆ కొట్లో మిగిలిన సరుకు అదే ఊళ్ళో పేదవాళ్ళకి పంచే ఫుడ్ బ్యాంకుకి వెళ్ళేది, అదీ ఆగిపోయింది.

మా పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. భర్త గనిలో చేసి చేసి ఊపిరితిత్తులు పాడై పోయారు. వాకిట్లో కారుంది, కదలదు. ఒక నెల మొదట్లో, అంటే ప్రభుత్వం సరుకుల కార్డులో డబ్బు వేసే రోజుల్లో, నేను సరుకులకి బ్లూఫీల్డ్ అనే పట్నం వెళ్తున్నానని తెలిసి తలుపు కొట్టారు. "నన్నూ తీసుకెళ్ళు, పెట్రోలుకి ఇరవై డాలర్లిస్తాను" అన్నారు. నాకు సిగ్గేసింది. ఆవిడకి మాత్రం అందులో వింతేం లేదు, అక్కడ కారున్నవాళ్ళు లేనివాళ్ళని కొట్టుకి తీసుకెళ్ళి తీసుకొచ్చినందుకు డబ్బు తీసుకోవడం మామూలే. ఆ ఇరవై సరుకుల కార్డులోంచి రాదు, చేతి డబ్బే పోవాలి. ఈ లెక్క నేను చూసిన రిపోర్టుల్లో కనపడలేదు. కొట్టు ఎన్ని మైళ్ళో కొలుస్తారు, కారు అద్దె కొలవరు.

బయల్దేరేసరికి ఆవిడ ఒక్కరే రాలేదు. ఐస్ పెట్టెలు రెండు, చేతిలో నాలుగైదు చీటీలు. పైవీధి వాళ్ళవి, చర్చిలో తెలిసినవాళ్ళవి, ఎవరికేం కావాలో రాసి డబ్బు మడతపెట్టి ఇచ్చారు. 52వ నంబరు రోడ్డు మీద బ్లూఫీల్డ్‌కి గంట పడుతుంది, మెలికల దారి, ఎదురుగా బొగ్గు లారీలు, మధ్యలో ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. (డెలివరీ యాప్‌లున్నాయి కదా అని న్యూజెర్సీలో ఉండే మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది. మా అడ్రసు కొడితే ఆ యాప్‌లు సారీ చెప్పేవి. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో గోంగూర వాడిపోయి వచ్చిందని రోజుకో గొడవ.)

కొట్లో ఆవిడ బండి తోస్తుంటే చూడాలి. డబ్బా చిక్కుళ్ళు, మొక్కజొన్న పిండి, బంగాళదుంపలు, ఉల్లిపాయలు, ఫ్రీజర్‌లో పెట్టుకునే కూరలు. ఆకుకూర కట్ట ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశారు. "నాలుగు రోజుల్లో పోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తానో" అన్నారు. మా ఆసుపత్రిలో చక్కెర జబ్బు పేషెంట్లకి పాలకూర, కేల్, కినోవా బొమ్మలేసిన రంగు కాగితాలు పంచేవాళ్ళు. ఆవిడకీ ఒకటిచ్చారు, ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నారు పాపం. పాలకూర మంచిదని ఆవిడకి తెలియదా! బీన్స్ సీసాల్లో పట్టి చలికాలమంతా దాచుకునే మనిషి, వసంతంలో కొండ మీద ర్యాంప్స్ అనే అడవి ఉల్లాకు ఎక్కడ మొలుస్తుందో చెప్పగల మనిషి, ఆవిడకి మనం తిండి గురించి పాఠం చెప్పాలా? చదువుకున్నవాళ్ళకి ఇదో జబ్బు, ఎదుటివాడి దగ్గర లేనిది డబ్బూ బండీ అయితే, లేనిది తెలివి అనుకుంటారు.

చివర్లో కోడి దగ్గర ఆగాం. అప్పుడే కాల్చి వేడి దీపాల కింద పెట్టిన కోళ్ళు, ఆ వాసనకి నాకే ఆకలేసింది. ఆవిడ ఒకటి తీసుకుని, ఏదో గుర్తొచ్చి పెట్టేశారు. ఏంటంటే, సరుకుల కార్డు మీద వేడి తిండి కొనకూడదు. చట్టంలో ఉంది, కావాలంటే చూసుకోండి. పక్కనే ఫ్రిజ్‌లో నిన్నటి కాల్చిన కోళ్ళు చల్లారబెట్టి పెట్టారు, అవి కొనొచ్చు. వేడి తగ్గితే పేదవాళ్ళు తినొచ్చన్నమాట. నేను వేడిది కొనిస్తానంటే ఒప్పుకోలేదు, చల్లదే కొన్నారు, తిరుగు దారిలో ఇద్దరం చేత్తో తుంచుకుని తిన్నాం. ఇంటికొచ్చేసరికి చీటీలిచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని ఎదురు చూస్తున్నారు. చిల్లరతో సహా ఎవరిది వాళ్ళకి అప్పజెప్పాకే ఆవిడ లోపలికి వెళ్ళారు. ఇరవై డాలర్లు నేను తీసుకోలేదు, మర్నాడు మా గుమ్మంలో బీన్స్ సీసాలున్నాయి.

ఇంకో సంగతి. అమెరికాలో ఫుడ్ స్టాంపులు, అంటే ఇప్పటి సరుకుల కార్డుకి ముందున్న కూపన్లు, మళ్ళీ మొదలైంది ఈ కౌంటీలోనే. కెనెడీ 1960 ఎన్నికలప్పుడు ఇక్కడి గనుల ఊళ్ళు తిరిగి, గెలిచాక పెట్టించిన పథకం. 1961 మే 29న మొదటి స్టాంపులు అందుకున్నది ఇక్కడి పేన్స్‌విల్‌లో 15 మంది ఉన్న ఒక కుటుంబం. కౌంటీ ముఖ్య పట్టణం వెల్చ్‌లో ఒక కొట్లో వాటితో డబ్బా చిక్కుళ్ళు కొన్నారు. అంటే అప్పుడు స్టాంపు కొత్త, కొట్టు పాతది. ఇప్పుడు కార్డు ఇంటికే వస్తుంది, కొట్టు గంట దూరం పోయింది. మొదట కొట్టు చూడాలి, తర్వాతే కార్డు, ఇది నా గట్టి నమ్మకం.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే మా నాన్న పాడేరు వైపు గిరిజన సహకార సంస్థలో, అదే జీసీసీలో, డీఆర్ డిపో, అంటే రోజువారీ సరుకులమ్మే కొట్టు, సేల్స్‌మన్‌గా చేశారు. ఏజెన్సీలో షావుకార్లు ఉప్పూ బట్టా అప్పిచ్చి చింతపండూ చీపుర్లూ అయినకాడికి లాక్కునేవాళ్ళని, 1956లో ప్రభుత్వమే ఆ సంస్థ పెట్టింది. సరుకు అదే అమ్ముతుంది, గిరిజనులు తెచ్చిన తేనె, కరక్కాయ, చింతపండు అదే కొంటుంది. మెక్‌డవల్‌లో గని కంపెనీలు కూలీలకి డబ్బుకి బదులు సొంత బిళ్ళలిచ్చి సొంత కొట్లోనే కొనిపించేవని మామ్మగారు చెప్తుంటే, నాకు చిన్నప్పుడు నాన్న చెప్పిన షావుకార్లే గుర్తొచ్చేవాళ్ళు. డీఆర్ డిపోలు గొప్పవనడం లేదు. బియ్యం లారీ రాక తాళం వేసి ఉన్న రోజులూ ఉన్నాయి, తూకం గొడవలూ విన్నాను. కానీ వానాకాలం కొండ దాటి షావుకారైనా రానప్పుడు ఆ డిపోయే ఉండేది, లాభం రాలేదని ఎత్తేయలేదు.

ప్రభుత్వమే కొట్టు పెట్టాలన్న ఈ మాట అమెరికా వాళ్ళకి చెప్తే వింతగా చూస్తారు. అక్కడా చేసినవాళ్ళు లేకపోలేదు. కాన్సస్‌లో సెయింట్ పాల్ అనే చిన్న ఊళ్ళో సూపర్‌మార్కెట్ ఊరిదే. ఫ్లోరిడాలో బాల్డ్‌విన్ అనే ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టూ మూతపడితే 2019లో ఊరి పాలకవర్గమే కొట్టు తెరిచింది. అది 2024లో మూతపడింది, అదిగో చూశారా ప్రభుత్వం కొట్టు నడపలేదని అంటారు. మరి కింబల్ వాల్‌మార్ట్ కూడా మూతపడింది, దాన్ని చూపించి కంపెనీలు కొట్టు నడపలేవని ఎవరూ అనరేం? పోస్టాఫీసు నష్టంలో ఉన్నా ఉంచుతారు, బియ్యం దగ్గరికి వచ్చేసరికే అందరికీ లాభనష్టాలు గుర్తొస్తాయి.

పోనీ కొట్టు వద్దు, వారానికోసారి సంత పెట్టించినా చాలు. మా ఏజెన్సీలో వారంలో ఒక్కో ఊరికి ఒక్కో రోజు సంత, వ్యాపారులు జీపులో సరుకేసుకుని ఊరూరా తిరుగుతారు, బిల్డింగు లేదు, కరెంటు బిల్లు లేదు. అక్కడేమో ప్రతి మలుపుకీ ఒక డాలర్ స్టోరు, లోపల చిప్సు, కూల్ డ్రింకు, సోపులు, ఒక మూల మచ్చపడిన అరటిపళ్ళు. ఒకసారి నేను వెళ్ళిన దాంట్లో అవీ లేవు, అడిగితే ట్రక్కు గురువారం వస్తుందన్నారు, ఏ గురువారమో చెప్పలేదు.

సరే, మీ సంగతి. మీకు నడిచే కారుంటుంది, డాక్టరు జీతముంటుంది, ఏం ఇబ్బంది ఉండదు. వెళ్ళగానే డీప్ ఫ్రీజర్ కొనండి, చిన్నది కొని తర్వాత ఏడవొద్దు. మా వైపే అయితే పప్పులు, చింతపండు, మసాలాలు నార్త్ కరోలినాలో షార్లెట్ నగరానికి వెళ్ళినప్పుడు ఒకేసారి తెచ్చుకోండి. కరివేపాకు మొక్క కుండీలో పెంచండి, చలికాలం లోపల పెట్టాలి. వండుకునే నీళ్ళ గురించి ఇల్లు తీసుకునే ముందే అడగండి, కొన్ని వాడల్లో జనం కొండ ఊటల దగ్గర డబ్బాలు పట్టుకెళ్ళేవాళ్ళు. ఇక సరుకులకి బయల్దేరే ముందు రోజు సాయంత్రమే పక్కింట్లో చెప్పండి, చీటీలు రాసుకోవడానికి వాళ్ళకి టైం కావాలి.