డోర్నకల్ బిషప్ అజరయ్య తెలుగువారేనా?

ప్రశ్న: డోర్నకల్‌లోని పెద్ద గుడిని కట్టించిన బిషప్ అజరయ్య గారు తెలుగువారేనా? సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మొదటి బిషప్ ఆయనే అంటారు, నిజమేనా? పాస్టరయ్య బిషప్ కావాలంటే ఏ మెట్లు ఎక్కాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మొదటి రెండింటికీ కాదనే జవాబు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళైలో పుట్టిన తమిళులు, పల్లెటూరి పాస్టరయ్య కొడుకు. ఇక్కడికొచ్చాకే తెలుగు నేర్చుకున్నారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. వేర్వేరు ప్రొటెస్టంట్ సభలు కలిసి సీఎస్ఐ ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. ఆ ఐక్యత కోసం ఆయన ఎంతో పాటుపడ్డారు కానీ, చూడకుండానే పోయారు. ఆయన ఆంగ్లికన్ సభ (ఇంగ్లండు చర్చి సంప్రదాయం) బిషప్పు, ఆ సభలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు.

ఆంగ్లికన్ పద్ధతిలో మెట్లు మూడు. డీకన్‌కు (గురువుకు సహాయకుడు) 23 ఏళ్లు, గురువుకు (పాస్టరయ్యకు) 24, బిషప్‌కు 30 నిండాలి. డీకన్ వాక్యం చెప్పొచ్చు, గురువు లేనప్పుడు బాప్తిస్మం ఇవ్వొచ్చు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన) ఆచరించే అధికారం మాత్రం గురువుకే ఉంటుంది. బిషప్ అభిషేకానికి కనీసం ముగ్గురు బిషప్పులు తలపై చేతులుంచాలి. అజరయ్య వైఎంసీఏ కార్యదర్శి పని వదిలి 1909లో గురువుగా అభిషేకం పొంది, 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో బిషప్ అయ్యారు. అప్పటికి వయసు 38. భారతీయుడి కింద తెల్లవాళ్లు పనిచేయడమేమిటని అభ్యంతరాలు వచ్చినా మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గట్టిగా నిలబడ్డారు.

అసలు గొప్పతనం ఆ తర్వాతి 32 ఏళ్లలో ఉంది. ఎక్కువగా మాల మాదిగ వాడల నుంచి ఊళ్లకు ఊళ్లే వచ్చి సభలో చేరుతుంటే, పని పాస్టర్లకే వదిలేయలేదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ చెయ్యి తమ తలమీదే పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ" అని తన వెంట చెప్పించేవారు. రెండో మాట బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, తొమ్మిదో అధ్యాయంలోది; 'నాకు శ్రమ' అంటే 'అయ్యో, నా గతేమిటి' అని. చదువురాని కూలీలు కూడా పక్క ఊరికెళ్లి సాక్ష్యం చెప్పింది ఈ అలవాటు వల్లే.

మీరడిగిన గుడి ఎపిఫనీ కెథీడ్రల్ (బిషప్ ప్రధాన గుడి). 1939 జనవరి 6న, ఎపిఫనీ (జ్ఞానులు బాల యేసును దర్శించిన) పండగ రోజునే ప్రతిష్ఠించారు. వెళ్తే తామర పువ్వుల చెక్కడాలు, మసీదు తరహా గుమ్మటాలు ఒకే కట్టడంలో చూడొచ్చు. ఇంగ్లండు గుడికి నకలు వద్దని ఆయన పట్టుబట్టి కట్టించిన తీరు అది.